వెర్షన్ నంబర్‌లో తేదీ: ఎందుకు పెట్టాను, ఎందుకు తీసేశాను

2022 మార్చిలో నేను రాసిన ఒక చిన్న లైబ్రరీకి (వేరే ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే కోడ్ కట్టకి) 2022.3 అని నంబర్ వేసి బయటికి వదిలాను. 1.0 అనడానికి ధైర్యం చాల్లేదు, 0.1 అనడానికి మొహమాటం అడ్డొచ్చింది. 1.0 అంటే పని పూర్తయింది, నిశ్చింతగా వాడుకోండి అన్నట్టుంటుంది. 0.1 అంటే ఇంకా పచ్చిగానే ఉందని మనమే చాటింపు వేసుకున్నట్టు. తేదీ అయితే ఈ గొడవే లేదు. మార్చిలో వచ్చింది, 2022.3. ఎవరూ కాదనలేరు.

లైబ్రరీ చేసే పని కూడా పెద్దదేం కాదు. రకరకాల చోట్ల నుంచి వచ్చే ఫైళ్లను చదివి, చెత్తాచెదారం ఏరేసి, అన్నింటినీ ఒకే తీరుకు తెచ్చి ఇస్తుంది. మా టీమ్ కోసం రాసుకున్నదాన్ని పక్క టీములు కూడా తీసుకున్నాయి. నెలకో రెండు నెలలకో ఒక రిలీజ్ చేసేవాణ్ణి. నంబర్ ఏం పెట్టాలా అని ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన పని పడలేదు. అదెంత హాయిగా ఉండేదో!

2023 జూన్‌లో ఒక ఫంక్షన్‌ని మార్చాను. అడిగిన విలువ ఫైల్లో లేకపోతే అది అంతవరకూ ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం) ఇచ్చేది. ఖాళీగా ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు కదా, అది తప్పని ఎప్పట్నుంచో మనసులో పీకుతూనే ఉంది. లేకపోతే 'నన్' (పైథాన్ భాషలో 'ఏమీ లేదు' అని చెప్పే విలువ) ఇచ్చేలా సరిచేసి, చేంజ్‌లాగ్ అనే మార్పుల జాబితాలో ఒక వాక్యం రాసి, 2023.6 అని రిలీజ్ చేశాను. రెండు రోజులకి పక్క టీమ్‌లో రాత్రిపూట నడిచే జాబ్ ఒకటి మధ్యలో పడిపోయింది. ఖాళీ స్ట్రింగ్ వస్తుందనుకుని దాని పొడవు కొలిచే కోడ్‌కి నన్ చిక్కింది. పొద్దున్నే ఆ టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, 2023.4 నుంచి 2023.5కి వెళ్తే ఏమీ కాలేదు. 5 నుంచి 6కి వెళ్తే కొంప మునిగింది. నాకెలా తెలుస్తుంది?"

"చేంజ్‌లాగ్‌లో రాశాను కదా."

"రాశారు. కానీ ఏ నంబర్ చూసి భయపడి నేను చేంజ్‌లాగ్ తెరవాలి?"

నా దగ్గర జవాబు లేదు. చాలా రోజుల వరకూ దొరకలేదు కూడా.

వెర్షన్ నంబర్లలో ఇప్పుడు బాగా నడుస్తున్నవి రెండు పద్ధతులు. ఒకటి సెమ్‌వెర్. కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ దాన్ని నియమాల రూపంలో రాసిపెట్టారు. మూడు అంకెలుంటాయి. బగ్ సరిచేస్తే చివరిది పెరుగుతుంది, పాతవాటిని కదపకుండా కొత్తది చేరిస్తే మధ్యది, పాత కోడ్ విరిగే మార్పు చేస్తే మొదటిది. రెండోది తేదీ పద్ధతి, ముద్దుగా కాల్‌వెర్. సంవత్సరం, నెల, కావాలంటే రోజు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు, 2004 అక్టోబర్‌లో 4.10 అనే నంబర్‌తోనే పుట్టింది. పైథాన్ ప్యాకేజీల్ని తెచ్చిపెట్టే పిప్ అయితే 2018లో 10 నుంచి ఒక్క దూకులో 18.0కి వెళ్లిపోయింది. మధ్యలో 11 లేదు, 12 లేదు. ఆపిల్ కూడా 2025 సెప్టెంబర్‌లో ఐఓఎస్‌ని, రాబోయే ఏడాది లెక్కన, 18 నుంచి 26కి దూకించింది. అప్పటికి 11 దగ్గరున్న వాచ్‌ఓఎస్, 2 దగ్గరే ఉన్న విజన్‌ఓఎస్ కూడా 26 అయి కూర్చున్నాయి.

తేదీ వైపు వాళ్లు చెప్పే మాటల్లో బలమైనది ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. సెమ్‌వెర్ ఇచ్చే హామీ ఉత్త హామీయే అంటారు. "చివరి అంకె మాత్రమే పెరిగింది, ఏమీ విరగదు" అని రాసినవాడు అనుకుంటాడు, కానీ ఎవడో ఒకడు ఆ బగ్ మీదే ఆధారపడి కోడ్ రాసుకుని ఉంటాడు. బగ్ పోగానే వాడి ఇల్లు కూలుతుంది. కాబట్టి ఏది విరిచే మార్పు, ఏది కాదు అన్నది రాసినవాడి అంచనా తప్ప మరేమీ కాదు. తేదీ అలా కాదు, నిజం. అంచనా వేసి తప్పు చెప్పేకంటే, తెలిసిన నిజం చెప్పి ఊరుకోవడం నయం కదా?

నేను కూడా ఏడాదిపాటు ఈ వాదనే వినిపించాను, కాస్త గర్వంగానే. ఇప్పుడు చూస్తే అందులో తిరకాసు కనిపిస్తోంది. అంచనా తప్పొచ్చు, నిజమే. కానీ నా మార్పు విషయంలో నేను అంచనా వేయాల్సిన అవసరం ఏముంది? ఖాళీ స్ట్రింగ్ తీసి నన్ పెడుతున్నప్పుడు అది ఎవరికో తగులుతుందని నాకు బాగా తెలుసు. తెలిసే చేంజ్‌లాగ్‌లో ఒక వాక్యం రాశాను. సెమ్‌వెర్ వాడుతూ ఉంటే ఆ క్షణంలో మొదటి అంకె పెంచాలా వద్దా అని నన్ను నేను అడగాల్సి వచ్చేది. పెంచడం ఇష్టం లేకపోతే మార్పైనా మానేసేవాణ్ణి, లేదా పాత ఫంక్షన్‌ని అలాగే ఉంచి కొత్తది పక్కన పెట్టేవాణ్ణి. తేదీ ఆ ప్రశ్న నా దాకా రానివ్వలేదు. హాయిగా ఉందని ఇందాక చెప్పానే, ఆ హాయి అదే. నేను తప్పించుకున్న ఆలోచన ఆ కుర్రాడి నెత్తిన పడింది.

అలాగని తేదీ ఎక్కడా పనికిరాదని అనను. కొన్ని చోట్ల అది తప్ప ఇంకేది పెట్టినా వెర్రితనమే. టైమ్‌జోన్ డేటాబేస్‌నే తీసుకోండి. ఏ దేశంలో గడియారం ఎంత ముందుంది, ఎప్పుడు గంట జరుపుతారు అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. దాని వెర్షన్లు 2024ఎ, 2024బి అని సంవత్సరం, పక్కన ఒక అక్షరంతో వస్తాయి. ప్రభుత్వాలు గడియారాల మీద ఎప్పుడు ఏ నిర్ణయం తీసుకుంటాయో ఎవరికీ తెలియదు. సమోవా దేశం 2011 చివర్లో దినరేఖకు అటువైపు నుంచి ఇటువైపుకి మారింది. అందుకోసం డిసెంబర్ 30ని క్యాలెండర్‌లోంచే ఎత్తేసింది. ఆ ముందటేడు డేటాతో నడిచే కంప్యూటర్‌కి ఆ ముచ్చట తెలిసే అవకాశమే లేదు. అలాంటిదానికి 7.4.2 అని నంబర్ వేస్తే ఎవరికి ఉపయోగం? "నా దగ్గరున్నది ఎంత పాతది?" అన్న ఒక్క ప్రశ్నకే అక్కడ విలువ.

నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాని పైథాన్‌కి అందించే సర్టిఫై ప్యాకేజీ కూడా అంతే. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో సెక్యూరిటీ ప్యాచ్ దగ్గర కనిపించే తేదీ కూడా అంతే. అది రెండేళ్ల వెనకది అయితే ఇంకెవరూ వివరించక్కర్లేదు. ఇక వీడియోలు దించుకునే యూట్యూబ్-డీఎల్, దాన్నుంచి చీలి వచ్చిన వైటీ-డీఎల్‌పీ. వీటి నంబర్ పూర్తిగా సంవత్సరం, నెల, రోజు. సైట్లు తమ లోపలి ఏర్పాట్లు మార్చినప్పుడల్లా ఇవి విరిగిపోతాయి. అంటే ఇక్కడ విరగడం అప్‌డేట్ చేసినందుకు రాదు, చేయనందుకు వస్తుంది. వైటీ-డీఎల్‌పీ తన నంబర్ చూసుకుని, వయసు 90 రోజులు దాటితే "పాతబడ్డాను, మార్చు" అని తనే గోల పెడుతుంది. 3.2.1 అనే నంబర్ చూసుకుని ఏ ప్రోగ్రామూ తన వయసు లెక్కపెట్టలేదు.

ఉబుంటుది ఇంకో రకం. 22.04 అనగానే అది దీర్ఘకాలిక మద్దతున్న వెర్షన్ అని, ఐదేళ్లు కలుపుకుని 2027 దాకా అప్‌డేట్లు వస్తాయని సర్వర్లు చూసుకునేవాళ్లు నోటి లెక్కతో చెప్పేస్తారు. ఇదీ మంచి వాడకమే.

అయితే తేదీ నిజం చెప్తుందన్నారే, అక్కడే నాకు పేచీ. ఏ తేదీ? అనుకున్న తేదీయా, కోడ్ రాయడం ముగిసిన తేదీయా, జనం చేతికి వచ్చిన తేదీయా? విండోస్ 10లో 1809 అనే వెర్షన్ ఉండేది. పేరు ప్రకారం 2018 సెప్టెంబర్‌ది. బయటికొచ్చింది అక్టోబర్ 2న. కొందరి ఫైళ్లు మాయమవుతున్నాయని తెలిసి కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నారు. మళ్లీ నవంబర్ 13న వదిలారు. నంబర్ మాత్రం 1809గానే ఉండిపోయింది. తర్వాత 2020 మేలో వచ్చినదాని పేరు 2004. ఏప్రిల్ అని వాళ్ల భావం. చూసినవాళ్లకి మాత్రం 2004 సంవత్సరం నాటి సరుకులా కనిపించేది. ఆ పైన 20హెచ్2 అని, అంటే ఆ ఏడాది రెండో సగం అని రాయడం మొదలుపెట్టారు. నెల చెప్తే మాట పడాల్సి వస్తుందని తెలిసొచ్చినట్టుంది.

ఉబుంటు ఈ విషయంలో నిజాయితీగా ఉంది. 2006లో 6.04 రావాల్సింది ఆరు వారాలు ఆలస్యమై జూన్‌లో పడితే నంబర్‌నే 6.06 చేసేశారు. సీ ప్లస్ ప్లస్ వాళ్ల కథ మరీ తమాషా. కొత్త ప్రమాణం 2009 లోపు వచ్చేస్తుందన్న ధీమాతో సీ++0ఎక్స్ అని పిలుచుకున్నారు, ఎక్స్ స్థానంలో ఏదో ఒక అంకె పడుతుందని. వచ్చేసరికి 2011 అయింది. ఎక్స్‌ని పదహారు అంకెల లెక్కలో బి (అంటే పదకొండు) అనుకోండి, సరిపోతుంది అని భాష సృష్టికర్త బ్యార్న్ స్ట్రౌస్ట్రుప్ జోకేశారు.

పాత శాఖలకి, అంటే పాత వెర్షన్ల వరసలకి, మరమ్మతు చేసేటప్పుడు ఈ నిజం ఇంకాస్త పలచబడుతుంది. ఉబుంటు 22.04.5 వచ్చింది 2024 సెప్టెంబర్‌లో. దాని మీదున్న 22.04 ఆ శాఖ పుట్టినరోజు. మొదట్లో తేదీ అయినది పోనుపోను ఇంటిపేరు అయిపోతుంది. అమెజాన్ క్లౌడ్‌లో ఎవరికి ఏ అనుమతి ఉందో రాసే పాలసీ ఫైల్ చూసినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. అందులో వెర్షన్ అన్నచోట 2012-10-17 అని ఉంటుంది. అది పాలసీ రాసే భాష తాలూకు వెర్షన్. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని ఫైల్ రాసిన తేదీ అనుకుని, శుభ్రంగా ఆరోజు తేదీ వేసి, ఎర్రర్ తెచ్చుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేం. తేదీలా కనిపించేదాన్ని మనిషి తేదీగానే చదువుతాడు.

యంత్రాలు చదవడం ఇంకో తలనొప్పి. ఏది ముందు, ఏది వెనక అన్నది ప్రోగ్రాముల్ని తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్ నంబర్లు పోల్చి తేల్చుకుంటుంది. డెబియన్ అనే లైనక్స్ నియమావళిలో దీనికో ఉదాహరణే ఉంది. ఎవరైనా వెర్షన్‌ని "96మే01", "96డిసెంబర్24" అన్న పద్ధతిలో ఇంగ్లీషు నెలల పేర్లతో రాస్తే, అక్షరక్రమంలో డి ముందు, ఎమ్ వెనక కాబట్టి, మే నెలదే కొత్తదని దాని ప్యాకేజీ మేనేజర్ డీప్యాకేజ్ తీర్మానిస్తుంది. అందుకే 19960501 అని రాయమంటుంది. చుక్కలు పెట్టి రాస్తే వేరే ముచ్చట. 4.10 తర్వాత వచ్చిన ఉబుంటు 5.04. దశాంశాలుగా చదివేవాళ్లకి 4.10, 4.1 ఒకటే. మనుషులే కాదు, సెట్టింగులు రాసుకునే యామల్ ఫైల్లో కొటేషన్ గుర్తులు లేకుండా 24.10 అని రాసిపెడితే అది కూడా 24.1గానే తీసుకుంటుంది. ఇక నెల ముందు సున్నా. 2024.05 అన్నది సెమ్‌వెర్‌లో చెల్లదు, ముందు సున్నా ఉండకూడదు. పైథాన్ ప్యాకేజీల లోకంలో ఆ సున్నాని నిశ్శబ్దంగా తీసేసి 2024.5 చేస్తారు. ఒకేరోజు రెండు రిలీజులు చేయాల్సొస్తే చివర ఇంకో చుక్క, ఇంకో అంకె. వీటన్నింటికీ మందులున్నాయి, ఎవరూ వీటి వల్ల చచ్చిపోరు.

మందు లేనిది ఒకటుంది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. తేదీ అనేది లోపలికి వెళ్లడానికే తప్ప బయటికి రావడానికి దారిలేని గది.

ఆ జూన్ గొడవ తర్వాత ఇక బుద్ధిగా 1.0.0తో మొదలుపెడదాం అనుకున్నాను. పెట్టాను. పిప్ నా ముఖం కూడా చూడలేదు. దాని దృష్టిలో 2023.6 ముందు 1.0.0 ఎంత? రెండువేల ఏళ్ల కిందటిది. ఎవరు ఇన్‌స్టాల్ చేసినా పాతదే వెళ్తోంది. పాతవాటిని మా ఇండెక్స్‌లోంచి తీసేద్దామంటే ఆ నంబరే కావాలని పిన్ చేసుకున్న బిల్డులు పడిపోతాయి. "3000.0.0 పెట్టెయ్యండి అన్నా, పీడా పోతుంది" అన్నాడు ఆ పక్క టీమ్ కుర్రాడు. నవ్వాను గానీ, రెండు నిమిషాలు నిజంగానే ఆలోచించాను.

పైథాన్‌లో దీనికో అధికారిక మార్గం ఉంది, పేరు ఎపాక్. నంబర్ ముందు 1, ఆశ్చర్యార్థకం పెట్టి 1!1.0.0 అని రాస్తే, పాత లెక్కలన్నీ ఒక యుగం, ఇక్కణ్ణుంచి కొత్త యుగం అని అర్థం. డెబియన్‌లోనూ ఇదే ఉంది, అక్కడ ఆశ్చర్యార్థకం బదులు కోలన్. సరే అని ఎపాక్‌తో రిలీజ్ చేసి, టెర్మినల్‌లో డబుల్ కోట్ల మధ్య ఆ నంబర్ రాసి ఇన్‌స్టాల్ కొట్టాను. "!1: ఈవెంట్ నాట్ ఫౌండ్" అంది టెర్మినల్‌లో కమాండ్లు నడిపే బాష్. ఆశ్చర్యార్థకం, పక్కన అంకె కనపడితే అది పాత కమాండ్ల చరిత్రలోంచి ఒకటో నంబర్ కమాండ్ వెతుకుతుంది. సింగిల్ కోట్లు పెట్టాలి. ఈ సంగతి ఎంతమందికి, ఎన్నిసార్లు చెప్పను? పైగా ఎపాక్ ఒకసారి పెట్టాక ఎప్పటికీ తీయలేం, తీస్తే మళ్లీ వెనకబడతాం. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల్ని తెచ్చే, సెమ్‌వెర్ నడిచే ఎన్‌పీఎమ్‌లో ఈ వెసులుబాటు కూడా లేదు. చివరికి లైబ్రరీ పేరే మార్చి, కొత్త పేరుతో 1.0.0 పెట్టాను. నాలుగు టీములు తమ కోడ్‌లో పేరు మార్చుకోవాల్సి వచ్చింది. ఒక నంబర్ పద్ధతి కోసం!

(సైట్ల పేర్లని చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌లో జోన్ ఫైళ్లు చూసుకునేవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. అక్కడ సీరియల్ నంబర్‌ని సంవత్సరం, నెల, రోజు, ఆపైన రెండంకెల లెక్కగా రాయడం అలవాటు. 2025 అనబోయి 2205 అని కొట్టారో, ఆ ఫైల్ కాపీ ఉంచుకునే సెకండరీ సర్వర్లు ఇక మీ కొత్త మార్పుల్ని పాతవనుకుని పక్కన పడేస్తాయి. మళ్లీ దారికి తేవాలంటే సీరియల్‌కి 2147483647 కలిపి, అవి అందుకునేదాకా ఆగి, అప్పుడు సరైనది వేయాలి. ముప్పైరెండు బిట్ల చక్రం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఆ మాత్రం దారైనా ఉంది. ప్యాకేజీ నంబర్లు గుండ్రంగా తిరగవు.)

నాకంటే తెలివైనవాళ్లు దీన్ని ముందే ఊహించారు. లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ ఏళ్ల తరబడి ఉత్త తేదీలతోనే రిలీజులు చేసింది. అలా 20050930 దాకా వచ్చి, 2005 అక్టోబర్‌లో ఒక్కసారిగా 0.9కి దిగింది. రెండు కోట్ల చిల్లర నుంచి సున్నా చిల్లరకి! కానీ డెబియన్‌లో దాన్ని ప్యాకేజీ చేసేవాళ్లు అప్పటికే 0.0.20050310 అన్నట్టు ముందు ఒక 0.0 తగిలించేవారు. కాబట్టి 0.9 వచ్చినరోజు వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. గో భాషలో కూడా ఇదే తెలివి కనిపిస్తుంది. ఇంకా వెర్షన్ వేయని కోడ్‌ని ఎవరైనా వాడుకోవాలంటే, 0.0.0 పక్కన గీత గీసి, కమిట్ జరిగిన, అంటే ఆ కోడ్ మార్పుని భద్రపరిచిన, సమయాన్ని సెకన్లతో సహా, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో రాస్తుంది. తేదీ ఉంది, వరస కుదురుతుంది, రేపు 0.1.0 పెట్టినా అడ్డు రాదు. తేదీ పెట్టి తీరాలనే పట్టుదల ఉంటే ముందు ఒక సున్నా, చుక్క పెట్టమని మాత్రం బతిమాలుతున్నాను. 2022 మార్చిలో నేను 0.2022.3 అని పెట్టి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పనే ఉండేది కాదు.

జావా వాళ్లు ఈ గుమ్మం దాకా వచ్చి ఆగారు. 2018 మార్చి రిలీజ్‌ని 18.3 అని పిలవాలని మొదట ప్రతిపాదించారు. అభ్యంతరాలు వచ్చాయి, అది 10గా విడుదలైంది. కానీ తేదీని పారేయలేదు. వెర్షన్ ఎంతని అడిగితే 10 అని చెప్పి, పక్కనే 2018-03-20 అని చూపిస్తుంది. ఏది నంబరో, ఏది తేదీయో ఎవరికీ సందేహం రాదు. నేనిప్పుడు చేస్తున్నది అచ్చంగా అదే. మూడంకెల నంబర్, చేంజ్‌లాగ్‌లో ప్రతి నంబర్ పక్కన తేదీ, లైబ్రరీని అడిగితే రెండూ చెప్పే ఒక చిన్న ఫంక్షన్. ఫైళ్లతోపాటు వెళ్లే సంకేతాల పట్టిక ఒకటుంది, అది నెలనెలా మారుతుంది. దాన్ని వేరే ప్యాకేజీగా విడగొట్టి, దానికి మాత్రం తేదీయే ఉంచాను. పాతబడటం దాని స్వభావం కాబట్టి.

పోయిన నెల పెద్ద మార్పొకటి చేయాల్సి వచ్చింది. మొదటి అంకె పెంచాల్సిందే. రెండు వారాలు వెనకాముందాడి, దాంతోపాటు చేయాల్సిన ఇంకో మూడు మార్పులు కూడా కలిపేసి 2.0.0 వదిలాను. సాయంత్రానికి ఆ కుర్రాడి నుంచి మెసేజ్.

"2 కనపడిందన్నా. ఈ వారం ముట్టుకోను. సోమవారం కూర్చుని చూస్తా."